పేలియోలో 77 కాడ ఆగిపోయిన ముల్లు: సంగటి లేకుండా ఎన్నేండ్లుండగలం?

చీనీతోట_అనంతపురం
పేలియో, అంటే రాతియుగం మనిషి తిన్నట్టు గింజలు, పప్పులు, పాలు లేని తిండి, మొదలుపెట్టి 5 నెలలు. 84 కిలోల నుంచి 77కి దిగినా. 7 వారాలుగా ముల్లు కదల్లేదు. ఎత్తు 168 సెం.మీ., వయసు 42, అంగట్లో కూర్చునే పని. సంగటి, బువ్వ, పప్పు, పాలు, పెరుగు, చక్కెర, బొరుగులు అన్నీ బంద్. పొద్దున 4 గుడ్ల ఆమ్లెట్ ఒక పెద్ద స్పూను నెయ్యితో. పదకొండుకి రెండు అరటిపండ్లు. మధ్యాన్నం తోలు తీసిన కోడి 200 గ్రాములు, కూరగాయలు. సాయంత్రం బాదం రెండు పిడికిళ్ళు. రాత్రి పొట్టేలు 150 గ్రాములు. కూరల్లో కొబ్బరి పడుతుంది. దీంట్లో తప్పు యాడుంది? అసలు ప్రశ్న ఇంకోటి: ఇట్లా ఎన్నేండ్లు నడపగలం? ఇంట్లో ఊరుబిండి నూరుతాంటే వాకిట్లోకి పోయి నిలబడాల్సి వస్తాంది.

ఉగ్గాని_బజ్జీ
వాకిట్లో నిలబడితే పక్కింటోళ్ళ ఊరుబిండి వాసన రాదా సామీ?

తుంగభద్ర_గట్టు
పాలు బంద్ అంటివి, నెయ్యి యాడనుంచి వచ్చె? బర్రె అడివిలో మేసేదా?

కొలత_గరిటె
నెయ్యి సంగతి తర్వాత. ముందు లెక్క చూడన్నా. పిడికిలి 30 గ్రాములు అనుకుంటే బాదం 60 గ్రాములు. నూనె రాయలేదు, రెండు పూటల కూరలకు మామూలుగా ఒక మనిషి వాటాకు 3 పెద్ద స్పూన్లు పడుతుంది, అంటే 42 గ్రాములు. కొబ్బరి 50 గ్రాములు వేసుకుంటాండా.
గుడ్లు 4: 290 కేలరీలు. నెయ్యి: 125. అరటిపండ్లు: 180. కోడి: 250. పొట్టేలు: 300. బాదం: 350. కొబ్బరి: 175. నూనె: 375.
మొత్తం 2,045. కూరగాయలు లెక్కలోకే రాలేదు. నీ ఎత్తు, బరువు, వయసు పెట్టి చూస్తే ఊరికే పడుకున్నా ఒళ్ళు 1,600 పైన కాలుస్తుంది. కూర్చునే పనికి 1.3తో హెచ్చిస్తే 2,100. వచ్చేదీ పోయేదీ దగ్గర దగ్గర సమానం. ముల్లు ఎందుకు కదులుతుంది?
మాంసంలో తప్పు లేదు. బాదం, కొబ్బరి, నూనె, నెయ్యి కలిపితే 1,025. నీ రోజులో సగం అదే. బాదం, కొబ్బరి మొదటి నెల నుంచి ఉన్నాయా, నడుమ చేరినాయా?

చీనీతోట_అనంతపురం
బాదం మూడో నెలలో చేరింది. సాయంత్రం ఆకలికి ఏదో ఒకటి కావాలని. కొబ్బరి కూడా అప్పుడే.

కొలత_గరిటె
అదే. పేలియో అంటే లెక్క అక్కర్లేదని చెప్పేటోళ్ళు మొదటి మూడు నెలలదే చెప్తారు. బువ్వ, సంగటి తీసేస్తే ముందు ఆకలి తగ్గుతుంది, తినేది తగ్గుతుంది. తర్వాత నాలుక కొత్త దారి వెతుక్కుంటుంది. బాదం 100 గ్రాములు 580 కేలరీలు, ఎండలో నడిచొచ్చినోడు మాట్లాడుకుంటా నిమిషంలో 50 గ్రాములు నమిలేస్తాడు. అదే కేలరీలకు గుడ్లయితే నాలుగు తినాల, నాలుగు తినేసరికి చాలనిపిస్తుంది.
ఇంకోటి. మొదటి రెండు వారాల్లో తగ్గిన దాంట్లో కొంత నీళ్ళే. కండల్లో, కాలేయంలో పిండి నిల్వ ఉంటుంది, ఒక గ్రాముకు సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. పిండి మానితే అది ఖాళీ అవుతుంది. ఆ వేగం చూసి మురిసిపోతే ఆరో నెలలో గుండె పగులుతుంది.

పెన్నొడ్డు_అక్క
ఒకేసారి నాలుగూ కొయ్యొద్దు తమ్ముడూ, పదో రోజుకే విసుగొస్తుంది. రోజుకు 400 తగ్గితే చాలు. నెలకు 12,000, ఒక కిలో కొవ్వుకు 7,700 అనుకుంటే నెలకు కిలోన్నర. ఎట్లంటే బాదం 12 పలుకులు, అంతే, లెక్కబెట్టి. డబ్బా మూసి పైన అటక మీద. నెయ్యి తీసేయ్, ఆమ్లెట్‌కు పెనం మీద చిన్న స్పూను నూనె. అక్కడికే 300 పైన పోయె. మిగిలింది కూరల్లో నూనె.
నూనెను స్పూనుతో కొలవమంటే వంటింట్లో ఎవురూ కొలవరు. డబ్బాతో కొలవండి. మనిషికి నెలకు అరలీటరు. ఇంట్లో నలుగురుంటే రెండు లీటర్లు. ఒకటో తేదీన పోసిపెట్టాల, ఇరవయ్యో తేదీకి అయిపోతే తప్పు యాడుందో డబ్బానే చెప్తుంది.

బుడ్డలోడు_కర్నూలు
అదంతా సరే. బుడ్డలు ఎందుకు తినకూడదో ఎవురన్నా చెప్పండి. అనంతపురం పొలాల్లో పండేది వదిలేసి యాడిదో బాదం కొనుక్కుని తినేది ఏం న్యాయం?

తుంగభద్ర_గట్టు
నేల కింద కాస్తుంది గానీ అది పప్పుజాతి బ్బా. చిక్కుడు, కంది, పెసర ఎట్లనో అట్ల. పేలియోలో పప్పుజాతి మొత్తం బంద్.

బుడ్డలోడు_కర్నూలు
బంద్ అంటే ఎందుకు బంద్?

తుంగభద్ర_గట్టు
ఫైటేట్లు, లెక్టిన్లు, గింజల్లో ఉండే పదార్థాలు. ఫైటేట్ ఇనుము, జింకును పట్టుకుని ఒంటికి అందనీయదు.

కొలత_గరిటె
బాదంలో కూడా ఫైటేట్ దండిగా ఉంది. ఆ లెక్కన బాదం కూడా తీసేయాల. లెక్టిన్లు నానబెట్టి బాగా ఉడికిస్తే చాలామటుకు పోతాయి. పచ్చి రాజ్మా తింటే వాంతులు, భేదులు ఖాయం, ఉడికిన కందిపప్పు తిని ఆస్పత్రికి ఎవురు పోయినారు? బరువు విషయానికొస్తే బుడ్డలు 100 గ్రాములు 567, బాదం 580. తేడా లేదు. పిడికిళ్ళు పిడికిళ్ళు పోకుంటే రెండూ ఒకటే.
బుడ్డల్లో నిజంగా చూడాల్సింది బూజు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పచ్చగా బూజు పట్టినవి ఏరి పారేయాల. వేయించినా ఆ బూజు విషం, అఫ్లటాక్సిన్, పూర్తిగా పోదు. తడి తగిలిన మూట చవగ్గా వచ్చిందని తేవద్దు.

పాతరాతి_గవి
నియమం కోసం నియమం పెట్టుకున్నోళ్ళకు ఒక సంగతి. పేలియో మాట విదేశాల నుంచి వచ్చింది గానీ పేలియో మనిషి మన కాడ కూడా ఉన్నాడు. బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గవుల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1880లలో తవ్వించినాడు. బనగానపల్లె దిక్కు జ్వాలాపురంలో ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది, సుమారు 74,000 ఏండ్ల నాటిది, ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికినాయి. అంతా పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల.
ఇంక గింజలు తినలేదనే మాట. ఇజ్రాయెల్‌లో ఓహాలో అనే చోట 23,000 ఏండ్ల కిందటి అడవి బార్లీ, దాన్ని నూరిన రాయి దొరికినాయి. సేద్యం అప్పటికి లేదు, గింజ మాత్రం తిన్నారు. అప్పుడు తిన్నదే తినాలంటే మనం వదులుకోవాల్సింది సంగటి కాదు. మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ, గెనుసుగడ్డ, బుడ్డలు అన్నీ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసోళ్ళ కాలం తర్వాత వచ్చినవే.

ఉగ్గాని_బజ్జీ
మిరపకాయ లేకుండా సీమలో మనిషెట్ల బతికినాడన్నా? అందుకే గవిలో దాక్కున్నాడేమో.

గండికోట_గాలి
ఈతకల్లు పేలియోనా? చెట్టు నుంచే గదా దిగేది.

పెన్నొడ్డు_అక్క
చెట్టు నుంచి దిగితే నీరా. నువ్వడిగేది వేరే.

తుంగభద్ర_గట్టు
గవి అన్న చెప్పింది నిజమే గానీ దానివల్ల పేలియో తప్పయిపోదు. పేరు ఏదైనా కానీ మైదా, చక్కెర, బేకరీ, వేయించిన బజ్జీలు పోతాండాయి గదా. లోరెన్ కోర్డైన్ 2002లో పేలియో మీద పుస్తకం రాసినా, అంతకుముందు 1985లో ఈటన్, కానర్ ఇద్దరూ అదే సంగతి వైద్య పత్రికలో రాసినా, అసలు సంగతి ఫ్యాక్టరీ తిండి పక్కనపెట్టడమే. నియమం గట్టిగా ఉంటేనే మనిషి నిలబడతాడు. ఈరోజు బుడ్డలు, రేపు పప్పు, ఎల్లుండి ఓళిగ. సందు దొరికితే గోడ కూలుతుంది.

కొలత_గరిటె
గట్టిగా ఉన్నోళ్ళ సంగతి కొలిచి చూసినారు. స్వీడన్‌లో 70 మంది స్థూలకాయం ఉన్న ఆడోళ్ళు, నెలసరి ఆగిన వయసు, రెండేండ్లు. సగం మందికి పేలియో, సగం మందికి ఆ దేశపు మామూలు పోషకాహార సలహా. 2014లో అచ్చయింది. 6 నెలలకు పేలియోవాళ్ళు బాగా ముందున్నారు. 24 నెలలకు బరువులో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) మాత్రం పేలియోలో రెండేండ్లకు కూడా ఎక్కువే తగ్గి ఉన్నాయి. అనుకున్నంత ప్రోటీన్ మాత్రం వాళ్ళు తినలేకపోయినారు. అంటే పద్ధతి పని చెయ్యదని కాదు, రెండో ఏడు అదే గట్టితనం నిలవదని. గోడకు సందు ఎట్లయినా పడుతుంది. ఆ సందు ఎక్కడ పడాలో మనమే ముందు నిర్ణయించుకుంటే వాకిలి అవుతుంది.

బుడ్డలోడు_కర్నూలు
వాకిలి పెడితే బుడ్డల మూట పట్టేంత పెట్టండి.

పెన్నొడ్డు_అక్క
మన దిక్కు ఆ సందు యాడ పడుతుందంటే శనివారం. సోమవారం కొందరు, గురువారం కొందరు, కార్తీకమైతే నెలంతా నీసు లేదు. ఆరోజు గుడ్డూ లేదు, మాంసం లేదు, పేలియో ప్రకారం పప్పూ పెరుగూ కూడా లేవు. మిగిలేది కూరగాయలు, పండ్లు, బాదం. సాయంత్రానికి ఆకలి మండి బాదం డబ్బా ఖాళీ, లేదంటే నేరుగా చిత్రాన్నం.
ఆరోజుకు వేరే పట్టీ ఉండాల. పనీర్ 150 గ్రాములు, పెరుగు 300 గ్రాములు. రెండూ కలిపి ప్రోటీన్ 35 గ్రాముల పైన, కేలరీలు 600 లోపల. పనీర్ వద్దంటే ఉడికిన అలసందలు. మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, 77 కిలోలకు 64. మిగిలిన ఆరు రోజులు 100 దాటుతాంటే ఒక రోజు 45 వచ్చినా మునిగిపోయేది లేదు.

తుంగభద్ర_గట్టు
అట్లయితే అది పేలియో కాదు.

పెన్నొడ్డు_అక్క
కాదు తమ్ముడూ. శనివారం.

మందుల_చీటి
ఇంతవరకు ఎవురూ అడగలేదు. చీనీతోట, షుగర్, బీపీ మందులేమైనా ఉన్నాయా? నీకు లేకున్నా చదివేటోళ్ళలో ఉంటారు. గ్లిమిపిరైడ్ రకం మాత్రలు, ఇన్సులిన్ మీద ఉన్నోళ్ళు సంగటి, బువ్వ ఒక్కసారి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్ర వాడేటోళ్ళకు పిండి బాగా తగ్గిస్తే ఇంకో ప్రమాదం, షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే నేరుగా ఆస్పత్రికి. మాత్ర సొంతంగా ఆపేది కాదు, మొదలుపెట్టక ముందే డాక్టర్‌తో మోతాదు మాట్లాడుకోవాల.
మొదట్లో ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూపించుకోవాల్సినవి: క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఈ రెండూ కిడ్నీకి), యూరిక్ ఆసిడ్, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్). కిడ్నీ దెబ్బతిన్నోళ్ళకు ఈ మాంసం లెక్కలు పనికిరావు. యూరిక్ ఆసిడ్ కీళ్ళవాతం (గౌట్) ఉన్నోళ్ళు బోటి, కార్జం జోలికి పోవద్దు. నెయ్యి, కొబ్బరినూనె దండిగా తినేటోళ్ళలో కొందరికి ఎల్‌డీఎల్ ఎగబాకుతుంది, బరువు తగ్గుతాంది గదా అని వదిలేయకూడదు.

చీనీతోట_అనంతపురం
మందులేమీ లేవు. రాత్రిపూట పిక్కలు పట్టేస్తాండాయి. దొడ్డికి కూడా గట్టిపడింది, మూడు రోజులకొకసారి.

మందుల_చీటి
పిండి తగ్గితే ఉప్పు మూత్రంలో ఎక్కువ పోతుంది. పైగా అనంతపురం ఎండ. అంగట్లో నిమ్మకాయ, ఉప్పు కలిపిన నీళ్ళు పెట్టుకో, చక్కెర లేకుండా. నన్నారి వద్దు, అది చక్కెర పాకం. బీపీ ఉన్నోళ్ళు ఉప్పు పెంచేముందు అడగాల. ఇంకోటి, పేలియో పేరు చెప్పి సైంధవ లవణానికి మారిపోతాండారు. అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి, పాలు కూడా మానేసినోళ్ళకు అయోడిన్ వచ్చే దారులు తక్కువ.
మలబద్ధకానికి కూరగాయలు రోజుకు అరకిలో, వండకముందు తూకం. కూరలో రెండు టమోటాలు వేసి కూరగాయలు తిన్నామంటే కుదరదు. బీర, సొర, గోరుచిక్కుడు, వంకాయ, తోటకూర. జామకాయ ఒకటి గింజలతో సహా. రెండు వారాల్లో మారకుంటే చూపించుకో.

తుంగభద్ర_గట్టు
గోరుచిక్కుడు పప్పుజాతే అన్నా.

బుడ్డలోడు_కర్నూలు
ఇదిగో వచ్చె.

కొలత_గరిటె
గింజ ముదరని కాయను కాయగూరలాగా తినేది చాలామంది పేలియోవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. వదిలేయండి.
క్యాల్షియం మాట ఎవురూ ఎత్తలేదు. సీమ మనిషికి అది పాలతో పాటు రాగుల నుంచి వచ్చేది. రాగిపిండి 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాములు అటూ ఇటూ. రెండూ మానేస్తే రోజుకు 1,000 కావాల్సిన చోట సగం కూడా రాదు. మునగాకు 100 గ్రాముల్లో 300 పైన ఉంది, వారానికి మూడుసార్లు కోడిగుడ్డుతో వేపుడు చెయ్యొచ్చు. ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు. పొట్టు తీయని నువ్వులు రోజుకు రెండు స్పూన్లు. ముసలోళ్ళు, నెలసరి ఆగిన ఆడోళ్ళు ఇది పట్టించుకోకుండా పేలియో చేయకూడదు.

గండికోట_గాలి
కూరలో నూనె తగ్గిస్తే పులుసుకు రుచి యాడిది? కడపలో నూనె తేలకుంటే కూరే కాదంటారు.

పెన్నొడ్డు_అక్క
తేలేదంతా పోసిన నూనె కాదు, పొట్టేలు కొవ్వు కూడా. పులుసు రాత్రే వండి, చల్లారినాక గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకు పైన తెల్లగా, గట్టిగా పెచ్చు కడుతుంది. గరిటె అంచుతో ఒక పక్క తడితే పలక మాదిరి లేస్తుంది. పది గ్రాములు తీసినా 90 కేలరీలు. కారం, మసాలా చాలామటుకు కింద పులుసులోనే ఉంటాయి, పెచ్చుతో పోయేది ఎర్ర రంగు, కాస్త కారం, కాస్త వాసన.
ఎర్రగడ్డలు వేయించేటప్పుడు కిలో మాంసానికి రెండు పెద్ద స్పూన్లు చాలు. ముక్కలు వేసిన వెంటనే ఉప్పు చల్లి మూత పెట్టాల. నీళ్ళొదిలి మగ్గుతాయి, అడుగంటబోతే రెండు చుక్కల నీళ్ళు చిలకరించి మళ్ళీ మూత. మూత లేకుండా వేయిస్తే నూనె అడుగుతానే ఉంటాయి. చిక్కదనానికి బుడ్డల పొడి, కొబ్బరి బదులు సగం ఎర్రగడ్డలు వేయించి నూరి పోయండి.

చీనీతోట_అనంతపురం
కూరలు కుదిరినాయక్కా. పక్కన ముద్ద లేకుండా పులుసు ఎట్ల తినాల? చేతికి ఏదో ఒకటి తగలాల గదా.

పెన్నొడ్డు_అక్క
గోబీ ముద్ద చెయ్. గోబీపువ్వు 300 గ్రాములు, గెనుసుగడ్డ 80 గ్రాములు. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద గోబీ 8 నిమిషాలు, గెనుసుగడ్డ మెత్తబడేదాకా వేరే. గోబీని పల్చటి గుడ్డలో వేసి, చేయి కాలకుండా చూసుకుని, గట్టిగా పిండాల. అరగ్లాసు నీళ్ళొస్తాయి. పప్పుగుత్తితో రెండూ కలిపి మెదపాల, ఉప్పేసి, మందపాటి గిన్నెలో సన్నమంట మీద 5 నిమిషాలు తెడ్డుతో తిప్పాల. గిన్నె అంచులు వదిలితే అయినట్టు. చేయి తడి చేసుకుని ముద్ద కట్టు. కేలరీలు 150 కాడ ఉంటాయి.
చెడేది మూడు చోట్ల. నీళ్ళలో ఉడకేస్తే గంజి అవుతుంది. పిండకుంటే ముద్ద కట్టదు, పళ్ళెంలో జారుతుంది. మిక్సీ వేస్తే జిగురు. గెనుసుగడ్డ లేకుండా ఒట్టి గోబీ నిలవదు, గెనుసుగడ్డలో పిండే పట్టుకునేది.

ఉగ్గాని_బజ్జీ
సంగటి అనుకుని తింటే సంగటి కాదు. గోబీ అనుకుని తింటే బాగానే ఉంటుంది. బొరుగులకు ఏమన్నా చెప్పక్కా, ఉగ్గానికి.

పెన్నొడ్డు_అక్క
ఉగ్గానికి ఏమీ లేదు నాయనా. ఉగ్గాని తినాలంటే ఉగ్గానే తిను, నెలకొకసారి, బజ్జీ లేకుండా.

ఉగ్గాని_బజ్జీ
నా పేరులో సగం తీసేస్తివి.

బుడ్డలోడు_కర్నూలు
బస్సు ప్రయాణంలో ఏం చేయాల? బస్టాండ్లో దొరికేవి ఉడకేసిన బుడ్డలు, బజ్జీలు, బిస్కెట్లు.

కొలత_గరిటె
ఉడికిన గుడ్లు, జామకాయలు, దోసకాయ ముక్కలు. గుడ్లు పొట్టు తీయకుండా తీసుకుపో. చల్లగా లేకుంటే రెండు గంటల్లో తినేయాల, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. కర్నూలు నుంచి కడపకు మే నెలలో పోతా దువ్వూరు కాడ డబ్బా తెరిస్తే పారేసేదే. ఏమీ లేకుంటే ఉడికిన బుడ్డలు చిన్న పొట్లం తిను, బిస్కెట్ల కంటే వెయ్యి రెట్లు మేలు.

బుడ్డలోడు_కర్నూలు
ఈ మాట రాసి పెట్టుకుంటాండా.

గండికోట_గాలి
70 కిలోలకు చేరినాక? అప్పుడు బువ్వ తినొచ్చా, జన్మంతా ఇంతేనా?

కొలత_గరిటె
చాలామంది పోయేది అక్కడే. చేరినామని పండగ చేసుకుని పాత పళ్ళెం తెచ్చుకుంటారు. ఒక్కొక్కటి తేవాల. ముందు రాగిపిండి 50 గ్రాములు, అది 165 కేలరీలు, నీళ్ళు తాగి ఉడికినాక చిన్న ముద్ద అవుతుంది, వారానికి మూడుసార్లు. రెండు వారాలు చూడు. మొదటి వారంలో ముప్పావు కిలో, కిలో పెరుగుతుంది, అది పిండి నిల్వతో వచ్చే నీళ్ళు. భయపడి మళ్ళీ మానేయొద్దు. రెండు వారాల తర్వాత కూడా ఎక్కుతాంటేనే తగ్గించు. అది నిలిస్తే బుడ్డలు రోజుకు 20 గ్రాములు. అది నిలిస్తే పప్పు. వరిబువ్వ అన్నిటికంటే ఆఖరున, బేకరీ తిండికి మాత్రం వరస లేదు.
తూకం పొద్దున్నే, మూత్రానికి పోయొచ్చి, వారంలో కనీసం నాలుగు రోజులు, సగటు రాసుకో. ఒక్కరోజు అంకె అబద్ధం చెప్తుంది. బొడ్డు కాడ టేపు నెలకోసారి. మగోళ్ళకు 90 సెం.మీ., ఆడోళ్ళకు 80 దాటకూడదు. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తాల, లేదంటే కుర్చీలో కూర్చుని లేచేది అయినా సరే, లేకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది.

తుంగభద్ర_గట్టు
నేనైతే రాగులు తెచ్చేది ఒప్పుకోను. కానీ వారం సగటు, డబ్బా నూనె, రెండూ మంచి మాటలు.

చీనీతోట_అనంతపురం
ఇప్పుడే వంటింట్లో పిడికిలి తూకం వేసినా. బాదం 38 గ్రాములొచ్చె, 30 కాదు. రెండు పిడికిళ్ళంటే 76. గరిటె అన్న లెక్క కూడా తక్కువే. రేపటి నుంచి 12 పలుకులు, నెయ్యి బంద్, నూనె రెండు లీటర్ల డబ్బా. శనివారం పనీర్. అక్కా, ఆ గోబీ కుక్కర్లో ఎన్ని కూతలు?

పెన్నొడ్డు_అక్క
కుక్కరెవరు చెప్పినారు తమ్ముడూ? ఇడ్లీ పాత్ర.